పైకి పోని మాట

"వెబ్‌సైటు తెర మీద తెరుచుకుంటదా, తెరుచుకోదా? గదొక్కటి చెప్పమ్మా నువ్వు," అన్నాడు పరశురాం సార్.

రాళ్లచెల్క మండలాఫీసుకు ఆయనే అధికారి. కోపం వచ్చినా గొంతు పెంచే మనిషి కాదు. కళ్లద్దాలు తీసి, చొక్కా అంచుతో తుడుస్తూ, ఎదుటివాళ్లు తమంతట తామే దారికొచ్చేదాకా ఊరుకుంటాడు. ఇప్పుడూ అద్దాలు తుడుస్తూనే ఉన్నాడు. టేబులుకు ఇవతల నిలబడ్డ నిరోష ఆ ఆఫీసులో కంప్యూటర్ ఆపరేటరు. మహబూబ్‌నగర్‌లో కంప్యూటర్ డిగ్రీ చదివి, ఏజెన్సీ ద్వారా వచ్చి చేరింది. ఏడాది తిరిగేసరికి ఏజెన్సీ వాళ్లు మళ్లీ కొనసాగిస్తేనే కొలువు. కొనసాగించమని వాళ్లకు చెప్పవలసింది ఈ పరశురాం సారే. ఏడాది ఈ నెలాఖరుకు తిరుగుతుంది.

"తెరుచుకుంటది సార్. కానీ మన లాప్‌టాప్‌ల మాత్రమే. జనాలు ఆళ్ల ఫోన్ల జూడాల్నంటే బయట సర్వర్ల జాగ తీసుకోవాలె, పేరు కొనాలె. ఇంక వారం పది దినాలన్న..."

"మేడం సోమవారం వస్తది."

జిల్లా నుంచి పెద్ద మేడం వచ్చి మండలానికి సొంత వెబ్‌సైటు ప్రారంభిస్తుందని పది రోజులుగా చెప్పుకుంటున్నారు. దానికి 'ప్రజాగొంతు' అని పేరు పెట్టారు. ఎవరికి ఏ బాధ ఉన్నా అందులో రాసుకోవచ్చు, రాసింది నేరుగా పైకి పోతుంది. ఆ మాటలతో, కింద ఒక వెబ్ చిరునామాతో ఫ్లెక్సీ కూడా కొట్టించి గేటుకు కట్టారు. చేసిస్తామన్న హైదరాబాదు వాళ్లు మాత్రం ఫోన్లు ఎత్తడం మానేశారు.

"నువ్వు కాలేజీల గిట్లాంటిదే చేసినవంట గదా. లింగస్వామి చెప్పిండు."

సీనియర్ అసిస్టెంటు లింగస్వామి గుమ్మం దగ్గర నిలబడి, అవునన్నట్టు తలూపాడు.

"చేసిన సార్. గది ప్రాజెక్టు కోసమని..."

"గదే కానియ్యి. బొమ్మ, పేరు మార్చు. సోమవారం నాడు తెర మీద కనపడాలె, మేడం బటన్ వత్తాలె. మిగిలింది తర్వాత జూసుకుందాం." కళ్లద్దాలు పెట్టుకున్నాడు. "నీ పని నాకు గుర్తుంటది నిరోషా."

తర్వాత చూసుకుందాం అన్న మాటను నిరోష గట్టిగా పట్టుకుంది. అలా పట్టుకుంటే తప్ప చేతులు ఆడవు.

ఆఫీసు లాప్‌టాప్ మీద ధూళి దులిపి తన బల్ల మీద పెట్టుకుంది. రోడ్డు తవ్వే బండి తీగను తెంపి పోయినప్పటి నుంచి ఆఫీసులో ఇంటర్నెట్ లేదు. తన ఫోన్లోని డేటానే లాప్‌టాప్‌కు ఇచ్చుకుని, కోడ్ రాసుకునే ఎడిటర్‌ను దింపుకుంది. కాలేజీ నాటి పెన్‌డ్రైవ్‌లోంచి పాత ఫోల్డరు తెచ్చి అందులో తెరిచింది. నల్లటి తెర మీద రంగురంగుల వరుసలు వచ్చి నిలబడ్డాయి. తను రాసినవే. ఎక్కడ ఏముందో వేళ్లకు ఇంకా గుర్తుంది. పాత పేరు తీసి 'రాళ్లచెల్క ప్రజాగొంతు' అని కొట్టింది. మండలం ముద్ర పెట్టింది. ఫిర్యాదు రాసే డబ్బా, దాని కింద పంపే బటన్, ఇంకా కిందికి వస్తే ఇదివరకు వచ్చిన ఫిర్యాదులు వరుసగా కనపడే జాగా.

ఆ తరువాత సర్వరు. ఎడిటర్‌కు అదనంగా తగిలించుకునే చిన్న సరంజామా ఒకటి ఉంటుంది. వెతికి, అది దిగేదాకా ఫోన్‌ను కిటికీ ఊచల మధ్య సిగ్నలు అందే చోట నిలబెట్టింది. దిగాక తెర అడుగున, కుడిపక్క మూలన 'గో లైవ్' అన్న రెండు మాటలు వచ్చి చేరాయి. వాటి మీద నొక్కింది. బ్రౌజర్ దానంతటదే తెరుచుకుంది. పైన చిరునామా గడిలో పేరేమీ లేదు. అంకెలు, చుక్కలు. కింద మాత్రం పేజీ పచ్చగా, పొందికగా, అచ్చం నిజమైన సర్కారు వెబ్‌సైటులా నిలబడింది. ఎడిటర్‌లోకి పోయి ఒక అక్షరం మారిస్తే, ఇక్కడ పేజీలో తనంతట తానే మారిపోతున్నది.

అటెండరు గాలయ్య చాయ్ తెచ్చి పెట్టి, అలాగే నిలబడి చూశాడు. "అబ్బ. ఇగ దునియ మొత్తం జూడొచ్చా బిడ్డా గిది?"

"దునియ కాదు కాకా. గీ బల్ల కాడ కూసున్నోళ్లే చూస్తరు."

"అంటే?"

నిరోష చిరునామా గడి మీద వేలు పెట్టింది. "గీ అంకెలు జూసినవా? ఇది 'నా ఇల్లు' అని చెప్పుకునుడు. సర్వరు గిండ్లనే ఉన్నది, చూసేది గిండ్లనే. మనింట్ల మనమే కచ్చీరు పెట్టుకోని, మనమే ఫిర్యాదు చేసుకోని, మనమే ఇన్నట్టు. నీ ఫోన్ల నువ్వు గివే అంకెలు కొట్టినవనుకో, నీ ఫోను తన ఇంట్లనే ఎతుక్కుంటది. అండ్ల ఏం దొరకదు."

"మరి రాసింది యాడికి పోతది?"

"యాడికీ పోదు. గీ బ్రౌజర్ కడుపులనే దాసుకుంటది."

గాలయ్య నవ్వాడు. "గయితే మన ఆఫీసు లెక్కనే ఉన్నది."

నిరోష కూడా నవ్వింది. అప్పటికి అది నవ్వుకునే మాటే.

సోమవారం మేడం వచ్చేసరికి ఎండ ముదిరింది. మీటింగు హాల్లో ప్రొజెక్టరు వెలుగు గోడ మీద పడుతున్నది. నిరోష పొద్దున్నే వచ్చి ఎడిటర్ తెరిచి, సర్వరు నడిపించి, పేజీని తెర నిండా పరిచి పెట్టింది. పైన అంకెల గడి కనపడకుండా ఉండాలని లింగస్వామి రెండుసార్లు హెచ్చరించాడు.

"ఊరికె బటన్ వత్తితే ఏం బాగుంటది సార్? ఎవలన్న ఒకల ఫిర్యాదు రాపిస్తే ఫోటోకు మంచిగుంటది," అన్నాడు లింగస్వామి.

పరశురాం సార్ వరండా వైపు చూశాడు. అక్కడ ఎప్పుడూ కూర్చునే వాళ్లు కూర్చునే ఉన్నారు. ముందు వరుసలో, భుజాన గొంగడి, చేతిలో కర్రతో ఒక ఆడమనిషి. పెద్దొర్రె కురుమల భద్రమ్మ. ఆధార్ కార్డు చూపించి, టికెట్టు పైసలు లేకుండా మొదటి బస్సుకే వచ్చింది. పోయిన వారం కూడా వచ్చింది. సారు మీటింగులో ఉన్నాడని చెప్పి పంపారు.

"ఆమెను పిలువు," అన్నాడు.

భద్రమ్మ చెప్పులు బయట విడిచి, కర్రను మాత్రం విడవకుండా లోపలికి వచ్చింది. ప్రొజెక్టరు వెలుగు ముఖాన పడితే చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆమెను నిరోష పక్క కుర్చీలో కూర్చోబెట్టారు. కుర్చీ అంచున, ఎప్పుడు లేవమంటారో అన్నట్టు కూర్చుంది.

"చెప్పమ్మా, నీ బాధేంది?" అన్నది మేడం. మంచిగానే అడిగింది.

అడగడమే ఆలస్యం. భద్రమ్మ కడుపులో ఎన్నాళ్ల నుంచో ఉన్న మాట ఆగకుండా వచ్చింది. "గొర్లు సస్తున్నయమ్మా. మా వాగుల ట్యాంకరు బండొచ్చి కంపెనీ నీళ్లు ఇడుస్తున్నరు. ఎర్రగుంటయి, కంపు గొడ్తయి. గవి తాగితే గొర్రె నోట్లకెళ్లి నురుగొస్తది, కడుపుబ్బుతది, కాళ్లు తన్నుకోని పోతది. ఈనే గొర్లు పోయినయి. పిల్లలు తల్లి పాలు లేక పోతున్నయి. మా ఆయన అడ్డం బోతే బండి మీదికి తెచ్చిండ్రు. బండి నెంబరు ఈ చేతి మీద రాయిచ్చుకున్న..."

చెయ్యి తిప్పి చూపించింది. మణికట్టు లోపలి పక్క, పచ్చబొట్టు పక్కన, పెన్నుతో రాసిన అంకెలు చెమటకు సగం చెరిగి ఉన్నాయి. చెరిగినచోట మళ్లీ మళ్లీ దిద్దించుకున్నట్టుంది.

నిరోష టైపు చేస్తున్నది. గోడ మీద భద్రమ్మ మాటలు ఒక్కొక్కటే పెద్దవై కనపడుతున్నాయి. బండి నెంబరు కోసం ఆ చేతిని తన చేతిలోకి తీసుకుని వెలుగుకు తిప్పి చూసింది. చెయ్యి మొరటుగా, వెచ్చగా ఉంది. పరశురాం సార్ అద్దాలు తీసి తుడవడం మొదలుపెట్టాడు. కానీ అప్పటికే ఫోటోగ్రాఫరు ముందుకొచ్చాడు, మేడం బటన్ మీద వేలు పెట్టింది. గోడ మీద పచ్చటి గుర్తు వెలిగింది: మీ ఫిర్యాదు అందినది.

అందరూ చప్పట్లు కొట్టారు. ఎందుకో తెలియకపోయినా భద్రమ్మ కూడా కర్రను చంకలో ఇరికించుకుని రెండు చేతులూ కలిపింది.

మేడం కారెక్కాక, జనం చాయ్ బిస్కెట్ల వైపు పోయాక, భద్రమ్మ వంగి నిరోష చెవి దగ్గర అడిగింది. "గది యాడికి పోయింది బిడ్డా?"

గాలయ్యకు నిజం చెప్పిన నోరే అది. కానీ లింగస్వామి పక్కనే తీగలు చుడుతున్నాడు.

"పైకి పోయిందవ్వా," అన్నది నిరోష.

"పైకంటే?"

"పెద్దోళ్లకు."

భద్రమ్మ ఆ లాప్‌టాప్ మూత మీద చెయ్యి వేసి, ఆ చెయ్యి కళ్లకద్దుకుంది.

మరునాడు పేపర్లో ఫోటో వచ్చింది. మేడం, పరశురాం సార్, వాళ్ల మధ్య గొంగడితో భద్రమ్మ. నిరోష మోచెయ్యి మాత్రం పడింది. ఆమె తల్లి యాదలక్ష్మి బస్టాండు ముందు మిర్చిబండి నడుపుతుంది. ఆ కాగితం కత్తిరించి గోడకు అంటించి, వచ్చినవాళ్లకల్లా చూపించింది. "గా చెయ్యి నా బిడ్డదే."

ఫోటో చూసి జనం ఆఫీసుకు రాసాగారు. పింఛను ఆగినవాళ్లు, ఇంటి మీద కరెంటు తీగ వేలాడుతున్నవాళ్లు, బోరు మోటరు పట్టుకుపోతే అడిగే దిక్కు లేనివాళ్లు. ఫోన్లో తెరుచుకుందామంటే ఫ్లెక్సీ మీది చిరునామా తెరుచుకోవడం లేదు. పక్క ఊరి కురుమయ్య తన ఫోను తెచ్చి నిరోష ముందు పెట్టాడు.

"బిడ్డా, గిదేందో తిరుగుతనే ఉన్నది. మీ బోర్డు మీదున్నట్టే కొట్టిచ్చిన."

"సర్వరు బిజీ ఉన్నట్టుంది పెద్దనాయినా. నాకు చెప్పు, నేను రాస్త."

సర్వరు బిజీ. ఆ మాట ఎంత సులువుగా వచ్చిందో ఆమెకే ఆశ్చర్యం వేసింది. పొద్దున రాగానే లాప్‌టాప్ మూత ఎత్తడం, ఎడిటర్ తెరవడం, మూలన 'గో లైవ్' నొక్కడం, పేజీ రాగానే మొదటి మనిషిని పిలవడం. వాళ్లు చెబుతారు, ఆమె రాస్తుంది, పచ్చగుర్తు వస్తుంది. ఆ గుర్తు చూడగానే వాళ్ల భుజాలు కిందికి దిగుతాయి. కొందరైతే లేచి దండం పెట్టి పోతారు. సాయంత్రం మూత వేయగానే సర్వరు ఆగిపోతుంది. వాళ్లు చెప్పిందంతా చీకట్లో పడి ఉంటుంది.

పరశురాం సార్ వరండా ఖాళీ అయింది. ఎప్పుడూ గుమ్మం ముందు గొంతుక్కూర్చునే జనం ఇప్పుడు నిరోష బల్ల ముందు వరుస కట్టారు. ఆయన ఒకరోజు గదిలోంచి బయటికి వచ్చి, అటూ ఇటూ చూసి, ఒళ్లు విరుచుకున్నాడు. సాయంత్రం గాలయ్య చేత నిరోషకు మెత్తటి కుర్చీ వేయించాడు. స్టోరులో పడి ఉన్న ఫ్యాను బాగు చేయించి ఆమె వైపు తిప్పించాడు.

"మంచి పని జరుగుతున్నది. గిట్లనే ఉండాలె," అన్నాడు.

భద్రమ్మ రోజు విడిచి రోజు వస్తున్నది. వరుసలో నిలబడదు, బల్ల పక్కన నేల మీద కూర్చుంటుంది. "ఇయ్యాలేమన్న వచ్చిందా బిడ్డా?" అని అడుగుతుంది. రాలేదంటే, "పైన మస్తు మంది చెప్పుకుంటుండొచ్చు, ఒక్కొక్కటి సూడాలె గదా," అని తానే సర్దిచెబుతుంది. ఒకసారి జొన్నరొట్టెలు తెచ్చింది. నిరోష వద్దంటే బలవంతాన ఒళ్లో పెట్టింది. ఆ రొట్టె తెంపుతూ ఉంటే ఆమె చెప్పింది, మళ్లీ ఒక పొట్టేలు పోయిందని. మొగుడు మందను వాగు వైపు పోనివ్వకుండా కోస్గి దిక్కు తోలుకుపోతే అక్కడి వాళ్లు తమ చేన్లలో అడుగు పెట్టనివ్వలేదని. "గీ ఒక్క నెల ఆగుమన్న. చెప్పుకున్నం గదా, వస్తరు, నీళ్లు బందు జేస్తరు, గప్పటిదాంక ఉన్నకాడనే ఉందామన్న." ఇంకో ముక్క తెంపబోయిన నిరోష చెయ్యి వెనక్కి తీసుకుంది. ఈమె మొగుణ్ని ఆపింది. మందను ఆపింది. గోడ మీద వెలిగిన ఒక పచ్చగుర్తును చూసి.

ఆ సాయంత్రమే సారు గదిలోకి పోయింది.

"సార్, గీ వెబ్‌సైటును నిజంగ బయట పెడుదాం సార్. సర్వరు జాగ..."

"బడ్జెట్ లేదమ్మా. రాసి పంపినం. వస్తది."

అంతే. కానీ నిరోష మనసులో ఏదో తేలికైంది. అడ్డం బడ్జెటే అన్నమాట. బడ్జెట్ లేకుండా చేయగలిగితే?

ఆదివారం మధ్యాహ్నం ఇంట్లో మంచం మీద ఆఫీసు లాప్‌టాప్ పెట్టుకుని కూర్చుంది. కాలేజీలో తనతో చదివి, ఇప్పుడు హైదరాబాదులో కొలువు చేస్తున్న బాలకృష్ణకు ఫోన్ చేసింది.

"పైసల్లేకుంట జాగ ఇచ్చేటియి మస్తున్నయి నిరోషా. పేజీ ఒకకాడ పెట్టు. రాసినయి దాసుకునేదానికి ఇంకోకాడ అర తీసుకో. నీ కోడ్‌ల బ్రౌజర్‌ల దాసుకునే ముక్క ఉన్నది సూడు, దాన్ని తీసేసి, గా అరకు పంపేటట్టు రాయాలె."

ఫోన్ స్పీకరు మీద పెట్టి, అతను చెబుతుంటే ఈమె రాస్తూ, ఎర్రగీతలు పడితే దిద్దుతూ కూర్చున్నది. కరెంటు పోయింది, వచ్చింది. యాదలక్ష్మి మిరపకాయలకు గాట్లు పెడుతూ మధ్యమధ్య తొంగి చూసింది. పొద్దు వాలేవేళకు బాలకృష్ణ "ఇగ తెరువు," అన్నాడు. నిరోష తన ఫోన్లో కాదు, తల్లి ఫోన్లో తెరిచింది. పగిలిన అద్దం వెనక, పచ్చటి పేజీ వచ్చి నిలబడింది. ప్రజాగొంతు. ఈసారి పైన అంకెలు లేవు, ఒక పేరుంది. అప్పటిదాకా బ్రౌజర్ కడుపులో పడి ఉన్న ఫిర్యాదులన్నీ అందులోకి ఎక్కించింది. కిందికి జరుపుతుంటే భద్రమ్మ మాట వచ్చింది, బండి నెంబరుతో సహా.

"ఏడుస్తున్నవేందే?" అన్నది యాదలక్ష్మి.

"మిర్చి ఘాటు," అన్నది నిరోష.

సోమవారం పొద్దున ఆమె అందరికన్నా ముందు వచ్చింది. పరశురాం సార్ కుర్చీలో కూర్చోవడమే ఆలస్యం, లోపలికి పోయింది. "సార్, మీ ఫోన్ ఒకసారి ఇస్తరా?" అన్నది. ఆయన నవ్వుతూ ఇచ్చాడు. చిరునామా కొట్టి, తిరిగి ఆయన చేతికి ఇచ్చింది.

"నిజంగ బయటికే పెట్టిన సార్. ఒక్క పైస ఖర్చు లేదు. ఇగ ఎవరి ఫోన్లనైన వస్తది. మేడం ఆఫీసుల కూడ జూడొచ్చు."

ఆయన నవ్వు ముఖం మీద అలాగే ఉంది, కళ్లల్లోంచి మాత్రం పోయింది. వేలితో పేజీని పైకి జరుపుతూ చదివాడు. ఒకచోట ఆగాడు. ఎక్కడ ఆగాడో నిరోషకు అర్థమైంది.

"ఎవరు జెప్పిండ్రు నీకు?"

"సార్?"

"గిది బయట పెట్టుమని ఎవరు జెప్పిండ్రు?"

"మీరే అన్నరు గద సార్, తర్వాత జూసుకుందామని. తెరుచుకుంటలేదని జనాలు..."

"తెరుచుకోవాల్నని ఎవరన్నరు?"

అద్దాలు తీశాడు. కానీ తుడవలేదు. వాటిని టేబులు మీద పెట్టి, చాలా నెమ్మదిగా, ఇంటి ఆడపిల్లకు చెప్పినట్టు చెప్పాడు.

"కూసో. నువ్వు చేసింది మంచి పనే. కానీ మనం అడిగిన పని కాదు. గా ట్యాంకర్లు ఎవరియో నీకు ఎరుకనా? ఎరుక లేదు. నాకు ఎరుక. గా నెంబరు లోకమంత జూస్తే రేపు నాకు ఫోనొస్తది. నీక్కాదు, నాకు. జనాలకు కావాల్సిందేంది? చెప్పుకోవాలె, ఎవలో ఒకలు ఇని రాసుకోవాలె. నువ్వు రాసుకుంటున్నవు. ఆళ్లు నిమ్మలంగ ఇంటికి పోతున్నరు. గొడవ లేదు, లొల్లి లేదు. గా డబ్బాల ఉన్నన్ని దినాలు ఎవరికి బాధ చెప్పు?"

నిరోషకు ఫ్యాను గుర్తొచ్చింది. మెత్తటి కుర్చీ గుర్తొచ్చింది. అడ్డం బడ్జెట్ కాదు. అడ్డమనేదే లేదు. లాప్‌టాప్ లోపలే తిరిగే ఆ సర్వరు పొరపాటున మిగిలిపోయింది కాదు, సరిగ్గా కావలసినట్టుగానే పని చేస్తున్నది.

"తీసెయ్యి," అన్నాడు. "ఇక్కడనే, నా ముందట. ఏజెన్సీ వాళ్లకు రేపు కాయిదం పంపాలె, నీ పేరు అండ్ల ఉన్నది."

నిరోష కళ్లల్లో బస్టాండు ముందు బండి, నూనె పొగలో తల్లి ముఖం, గోడకు అంటించిన మోచెయ్యి. లాప్‌టాప్ తెచ్చి ఆయన టేబులు మీదే తెరిచింది. తీసేయమని నొక్కింది. నిజంగానే తీసేయాలా అని యంత్రం అడిగింది. ఆ గదిలో ఆ మాట అడిగింది అదొక్కటే. ఆమె అవునని నొక్కింది.

"రాసుడు మాత్రం ఆపకు," అన్నాడు పరశురాం సార్, అద్దాలు పెట్టుకుంటూ. "ఎప్పటిలెక్కనే రాసుకో."

తెల్లవారి భద్రమ్మ వచ్చింది. ఈసారి ఏమన్నా వచ్చిందా అని అడగలేదు. గొంగడి విప్పి బల్ల మీద పరిచింది. అందులో గొర్రెపిల్ల. ఇంకా ఊపిరుంది. మూతి చుట్టూ నురుగు ఎండి తెల్లగా అంటుకుంది. వరుసలో ఉన్నవాళ్లు జరిగి చూశారు.

"మళ్ల రాయి బిడ్డా," అన్నది. "ఇంతకుముందు చక్కగ చెప్పలేదేమో నేను. నోటికొచ్చినట్టు చెప్పిన. గీసారి నువ్వే మంచి మాటలు పెట్టి రాయి. పెద్దోళ్లకు మనసుకు తగిలేటట్టు రాయి."

నిరోష లాప్‌టాప్ మూత ఎత్తింది. ఎడిటర్ తెరుచుకుంది. మూలన ఆ రెండు మాటలు ఎప్పటిలాగే ఉన్నాయి. బాణం గుర్తును అక్కడిదాకా తీసుకుపోయింది. వేలు దిగలేదు. పిల్ల డొక్క ఎగిరి పడుతున్నది. లాప్‌టాప్ ఫ్యాను సన్నగా ఊదుతున్నది.

"అవ్వా," అన్నది. బాణం గుర్తును ఆ రెండు మాటల మీంచి పక్కకు జరిపింది. మళ్లీ అన్నది. "అవ్వా, గిది పైకి పోదు."

"ఇయ్యాల పోదా?"

"ఎన్నడు పోదు. ఎన్నడు పోలే. నేను రాసిందంత గీ డబ్బాలనే ఉన్నది. గిది దాటి ఎవలు జూడలే."

భద్రమ్మకు వెంటనే అర్థం కాలేదు. లాప్‌టాప్ వైపు చూసింది. దాని వెనక్కి వంగి చూసింది, తీగ ఎక్కడిదాకా పోతున్నదో వెతుకుతున్నట్టు. తీగ గోడలోని కరెంటు ప్లగ్గు దగ్గర ఆగిపోయింది.

"మేడం వత్తింది గదా. నేనే జూసిన."

"ఉత్తగ చూపిచ్చినం అవ్వా. ఫోటో కోసం. సారు చెయ్యుమన్నడు..."

"సారు రాయలే," అన్నది భద్రమ్మ.

గొంతు పెంచలేదు. కానీ ఆఫీసంతా వినిపించింది.

"సారు రాయలే. నువ్వు రాసినవు. నా చెయ్యి పట్టుకోని, నెంబరు జూసుకుంట రాసినవు. పైకి పోయిందన్నవు. నేను పెట్టిన రొట్టె తిన్నవు. నీ నోటి మాట మీదనే నా మొగున్ని ఆపిన, నా మందను ఆపిన. లేకుంటె ఎటన్న తోలుకపోదుము. ఉన్నయన్న బతుకుతుండె."

"భయమైందవ్వా. మొన్న బయట పెట్టిన, నిన్న తీసెయ్యుమన్నడు. ఇగ నీకన్న నిజం చెప్పాల్నని..."

"గిప్పుడెందుకు చెప్తున్నవు? నీ మనసు అల్కగ గావాల్ననా?"

ఆ ప్రశ్న నిరోష ఎముకల దాకా పోయి ఆగింది. నిజమే, చెప్పేటప్పుడు లోపల ఎక్కడో, చెప్పేస్తే బరువు దిగుతుందన్న ఆశ ఉన్నది.

భద్రమ్మ గొంగడి నాలుగు కొసలూ కలిపి, పిల్లను ఎత్తుకుని, కర్ర తీసుకుంది. బయటికి పోతుందనుకున్నారు. పోలేదు. తిన్నగా పరశురాం సార్ గది ముందుకు నడిచి, గుమ్మానికి అడ్డంగా నేల మీద కూర్చుంది. ఒళ్లో పిల్లను పెట్టుకుంది.

వరుసలో ముందున్న కురుమయ్య చేతిలో ఫోను పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. "అయితే నాది గూడ పోలేదా బిడ్డా?"

"పోలే పెద్దనాయినా. ఎవలియి పోలే. గీ బల్ల కాడికి రాకుండ్రి."

"మరి ఎవల కాడికి పోవాలె?"

నిరోష లాప్‌టాప్ మూత వేసింది. కురుమయ్య ఫోను జేబులో వేసుకుని వెళ్లి భద్రమ్మ వెనక కూర్చున్నాడు. అతని వెనక ఇంకొకరు. వరుస అలా బల్లను వదిలి, మెల్లగా వంగి, వరండా దాకా జరిగిపోయింది. బల్ల ముందు ఎవరూ మిగల్లేదు. ఆమె మెత్తటి కుర్చీలో, ఆమె వైపే తిరిగిన ఫ్యాను గాలిలో ఒక్కతే కూర్చుంది.

లోపల గంట మోగింది. గాలయ్య పక్క తలుపులోంచి వచ్చాడు. ముఖం చూడకుండానే అన్నాడు. "సారు పిలుస్తుండు. ఏజెన్సీ కాయిదం ముందటేస్కోని కూసున్నడు. జల్ది పో బిడ్డా."

నిరోష లేచింది. గుమ్మం దాకా పోయి ఆగింది. భద్రమ్మ కాళ్లు చాపి కూర్చున్నది. కర్ర అడ్డంగా పడి ఉన్నది.

"జర జరుగవ్వా," అన్నది మెల్లగా.

భద్రమ్మ తల ఎత్తలేదు. పిల్ల మూతి తుడుస్తూ అన్నది. "నువ్వు లోపటిదానివే గదా. దాటిపో."

తలుపు సందులోంచి టేబులు కనపడుతున్నది, కాగితం కనపడుతున్నది, దాని మీద పెన్ను పట్టుకున్న చెయ్యి కనపడుతున్నది. ఒక్క అడుగు. కూర్చున్న మనిషిని, ఆమె ఒళ్లో చావబోతున్న పిల్లను దాటి వేయవలసిన అడుగు. నిరోష కాలు ఎత్తింది. గాలిలోనే ఆపి, మళ్లీ ఎక్కడ ఉన్నదో అక్కడే పెట్టింది.

వరుస చివరికి నడిచింది. అక్కడ ఎండ పడుతున్నది. కరెంటు తీగ గురించి రాయించుకున్న ముసలమ్మ పక్కన నేల మీద కూర్చుంది. ముసలమ్మ కొంగు లాక్కుని కొంచెం దూరం జరిగింది. భద్రమ్మ వెనక్కి తిరిగి చూడలేదు.

లోపల గంట మళ్లీ మోగింది. ఎవరూ లేవలేదు.